సగం గదికి బీగము

ఆ గోడను అంతసేపు ఏం సూచ్చాండావు సార్? రా, ఈ బండ మింద కూచో, టీ పోస్తా. సార్ అని పిలుచ్చానే నువ్వు అంటాండానని ఏమనుకోవద్దప్పా, మా మనవని ఈడోనివి, మీరంటే నా నోరు తిరగదు. మీ గోరంట్లలో ఎట్లో గానీ, మా మిట్టూర్లో అయ్యవార్లందర్నీ ఇట్లే పిలుస్తాము. నీకు ముందుండిన సోమప్ప సారునూ అట్లే పిలిచినాము, ఆయప్ప పాపం ఏమీ అనుకోల్యా. ఆ, గోడ సంగతి. సగం నల్లరాయి, సగం ఎర్రిటుక. నడాన అతుకు సూడు, పండ్లు ఊడిన ముసిలోని నోరు మాదిరి. ఈ బడికి వచ్చినోళ్ళంతా అదే అడుగుతారు, ఒకసారి పడిపోతే మళ్ళా కట్టినారా అని. పడిపోల్యాదప్పా. మొదాలే సగం కట్టినారు. కావాలనే కట్టినారు. కట్టిచ్చింది రామాంజినమ్మ. ఎవురంటావా? నా టీ బంకుకు ఎదురుగా ఆ రేకుల వసారా ఉండాదే, ఆడ మిషను పెట్టుకొని ఊరందరికీ రైకలు కుడతాండె. సన్నగా, నల్లగా, చింతబరికె మాదిరి ఉండె. మనిషే సన్నం, గొంతు సన్నం కాదు. ఆ వసారాలో కూచొని కూతుర్ని పిలిస్తే కిందూరి చెరువుకట్ట మింద మేసే ఎనుములు తలెత్తి సూస్తాయని వాళ్ళాయన ముత్యాలప్ప అంటాండె. ముత్యాలప్ప బేల్దారి మేస్త్రి. ఆయప్ప జల్మలో మాట్లాడిన మాటలన్నీ మూటగట్టినా ఆమె ఒక పూట మాట్లాడేదానికి సరిపోవు.

ఆమెకు సదువు రాదు గానీ రంగులు వచ్చు. పచ్చ అంటే మనకు ఒకటే పచ్చ. ఆమెకు అట్ల కాదు. చిలకపచ్చ వేరే, నిమ్మాకుపచ్చ వేరే, కందాకుపచ్చ వేరే, వాన పడిన మర్నాటి గడ్డిపచ్చ వేరే. ఆ కడాది మా ఊర్లో సూసేది అరుదు గనక, దాని పేరు చెప్పినప్పుడు కండ్లు మూసుకొని చెప్తాండె. కోక చేతికిస్తే చాలు, అంచు ఇట్ల వేళ్ళ నడాన పట్టుకొని, ఎండకు పెట్టి సూసి, 'దీనికి మ్యాచింగ్ హిందూపురంలో దొరుకుతాది పోవే' అంటాండె. మ్యాచింగ్ అనే మాటను మా ఊర్లోకి తెచ్చింది ఆమెనే. అంతకు ముందు మా ఆడోళ్ళు ఏ కోకకు ఏ రైకైనా తొడుక్కొని నిమ్మళంగా ఉండ్రి. ఆమె వచ్చినాక అందరికీ కండ్లు తెరుచుకున్నాయి, మొగోళ్ళ జోబులకు చిల్లులు పడినాయి. నవ్వుతాండావు గానీ సార్, ఈ కతకంతా ఆ మాటే మూలం. దాన్ని మనసులో పెట్టుకో.

అప్పుడు రెండువేల సంవత్సరం వచ్చినట్లుండాది. ఆమెకు ఒకతే కూతురు, రేఖ. మూడో తరగతి. ఒకనాడు మ్యాచింగ్ గుడ్డలకని పాపనెంటబెట్టుకొని గోరంట్ల బస్టాండుకు పాయ. బస్సొచ్చె. 'రేఖా, బోర్డు సదువు' అనె. 'హిందూపురం అమ్మా' అని పాప బల్లగుద్దినట్ల చెప్పె. కూతురు సదివిందని తల్లికి గుండె నిండిపాయ, అందర్నీ తోసుకొని ఎక్కె. జనం కిటకిట. కండక్టరు వీళ్ళ కాడికి వచ్చేసరికి చానా దూరం వచ్చేసినారు. 'హిందూపురం ఒకటిన్నర' అంటే, 'ఏమ్మా, ఇది కదిరికి పోతాండాది, నీకు హిందూపురం యాడ కనపడె' అని నడిమిట్ట మింద దించి పాయ. చెట్టు ల్యా, నీడ ల్యా. తల్లీకూతుర్లు ఇద్దరే, పైన ఎండ. రామాంజినమ్మ కోప్పడల్యా. నిమ్మళంగా అడిగె. 'అది కాదే, బోర్డులో కదిరని ఉంటే హిందూపురమని ఎట్ల సదివితివి?' పాప ఏమనిందో తెలుసా? 'మనం పోయేది హిందూపురానికే కదమ్మా' అనె.

ఇంటికొచ్చినాక పుస్తకం తెమ్మనె. పాప గడగడా సదివె. అడ్డం ల్యా, ఆపడం ల్యా. రామాంజినమ్మకు అక్షరాలు రాకపోయినా బొమ్మలు తెలుస్తాయి కదా. సూస్తే ఆవు కాళ్ళు ఆకాశానికి పెట్టుకొని ఉండాది. పుస్తకాన్ని తలకిందులు పట్టుకొని సదువుతాండాది పాప. మర్నాడు మిషను మింద గుడ్డ కప్పేసి నేరుగా బడికి పాయ. సోమప్ప సారు చెడ్డోడు కాదప్పా, ఉండేది చెప్పినాడు. 'ఏం చేసేదమ్మా, ఐదు తరగతులు, ఒక గది, ఒక నోరు. చిన్నోళ్ళకు అ ఆలు చెప్తే పెద్దోళ్ళు కొట్టుకుంటారు, పెద్దోళ్ళకు లెక్కలు చెప్తే చిన్నోళ్ళు ఏడుస్తారు. అందుకే అందర్నీ కలిపి పాడిస్తాండా. పాట మాదిరి అందరికీ అన్నీ వస్తాయి, ఎవురికీ ఏదీ రాదు.' మరి కిందూర్లో ఇద్దరు సార్లుండారే అనడిగె ఆమె. 'వాళ్ళకు రెండు గదులుండాయి. రెండో గది ఉంటేనే రెండో టీచర్ని ఏస్తారు. గది కావాలంటే ఊరు దుడ్లెయ్యాల.'

కిందూరు తెలుసు కదా నీకు, బస్సులో వచ్చేటప్పుడు తగులుతాది. చెరువు కింద మడికట్లు, ఇంటింటికీ వడ్లగాదె. మనది మిట్ట. వాన వస్తే శెనక్కాయ, రాకుంటే వాన కత. వాళ్ళ బడికి ఇత్తడి గంట, మా బడికి యాన్నుంచో తెచ్చిన రైలుపట్టా ముక్క. అదీ సర్కారుబడే, ఇదీ సర్కారుబడే, లోపల పుస్తకాలూ అవే. సర్కారు ఒకటే గానీ ఊర్లు రెండు సార్. అది పెద్ద పెద్దోళ్ళకు తట్టదు. మాకు పొద్దున లేస్తానే తడతాది, ఆ గంట ఈడికి ఇనపడతాది గనక.

సరే, అప్పుడే బడికి ఒక కమిటీ ఉండాల, దానికి తల్లిదండ్రుల్లోనే ఒకరు చైర్మన్ ఉండాలని చెప్పిరి. ఊరంతా కూడిరి. ఎవురుంటారంటే మొగోళ్ళంతా నేలచూపులు సూచ్చిరి, యాడ చందా అడుగుతారో అని. ఆమె చెయ్యెత్తె. మండలంలో అన్ని ఊర్ల చైర్మన్లకూ మీటింగు పెట్టిరి. ఆడ ఒక ఆఫీసరు, ఇస్త్రీ గుడ్డలు, నున్నటి మాట. 'మీ ఊరు ముందుకొచ్చి మీ వాటా పెడితే, ప్రభుత్వం దానికి మ్యాచింగ్ గ్రాంటు ఇస్తుంది' అన్నాడంట. చైర్మన్లంతా ఒకరి మొగం ఒకరు సూసుకున్నారంట. కిందూరు చైర్మన్ హనుమంతరాయుడు మాత్రం తెలిసినట్ల తలూపె. రామాంజినమ్మ మొగం వెలిగిపాయ. ఆ మీటింగు మొత్తంలో ఆమెకు బాగా తెలిసిన మాట అదొక్కటే కదా మరి.

బస్సు దిగతానే ఈ బంకు కాడికే వచ్చె. నువ్వు కూచున్న్యావే, ఆ బండ మిందే కూచునె. 'సుబ్బన్నా, సగం మనది, సగం వాళ్ళది. మనం ఏ గుడ్డ ఏస్తే దానికి సరిపొయ్యే గుడ్డ వాళ్ళే తెస్తారంట. మ్యాచింగంట' అనె. నాకూ సబబుగానే అనిపిచ్చె. ఊర్లో ఒక్కరూ ఇంకో తీరుగా అనుకోల్యా. రైక తెలిసినోళ్ళకు గ్రాంటు తెల్దు, గ్రాంటు తెలిసినోళ్ళు మా ఊర్లో ల్యారు.

ఆ ఏడు శెనక్కాయ ఊడ ఇడిసె గానీ కాయ కట్టల్యా. దుడ్లనే మాటెత్తితే ఊరకుక్కలు కూడా లేచి పోతాండె. కానీ పని ల్యాని మనుషులు ఊరినిండా ఉండ్రి, రాళ్ళు కొండనిండా ఉండె. మా కాడుండేది ఆ రెండే. ఒడ్డెరోళ్ళు రాయి కొట్టిరి, ఉన్న రెండు బండ్లలో తోలిరి, ఆడోళ్ళు మట్టి తొక్కిరి. తిప్పమ్మవ్వ కండ్లు కనపడకపోయినా కడవ పట్టుకొని వచ్చె, నీళ్ళు ఒంపేటప్పుడు యాడ ఒంపాలో మేము చెప్తాంటిమి. రామాంజినమ్మ కొలతల టేపు మెడలో ఏసుకొని తిరుగుతాండె, గోడకు కూడా రైక కొలతలే. ముత్యాలప్ప ఒకసారి నోరు తెరిచె. 'అది కాదే, పునాదన్నా మొత్తం తీస్తాము, గోడ తర్వాత సూసుకుందాము' అని. ఆమె ఎట్లనె సూడు. 'నీకు రాయి తెలుసు, మ్యాచింగ్ తెల్దు. మనమే అంతా కుట్టేసినాక వాళ్ళు తెచ్చిన గుడ్డ యాడ అతికిస్తారు?' ఆయప్ప తాపీ తీసుకునె. వెనకగోడ మొత్తం, పక్కగోడలు సగం సగం లేపి, మీద దూలాలేసి బోదగడ్డి కప్పె. గోడ ఆగిన కాడ ఒక రాయి బయటికి, ఒక రాయి లోపలికి, పండ్లు పండ్లుగా ఇడిచిపెట్టె. రేపు వాళ్ళ గోడ వచ్చి కరుచుకోవాల కదా అని. ఆ అతుకే నువ్విప్పుడు సూసేది.

ఇంజినీరు జీపులో వచ్చె. గది సుట్టూ తిరిగె. సుట్టూ అంటే, తిరిగేదానికి సగమే కదా, చప్పునే అయిపాయ. 'మిగతా సగం ఎక్కడమ్మా?' అనె. 'అది మీదే సామీ' అనె ఆమె. ఆయప్ప తమాషా అనుకొని నవ్వె. ఊరోళ్ళు ఒక్కరూ నవ్వకపోయేసరికి ఆయప్పా ఆపె. అప్పుడు కూచోని అంతా ఇడమర్చి చెప్పె. వాటా అంటే రాయి కాదంట, మట్టి కాదంట, దుడ్లంట, బ్యాంకులో కట్టాలంట. కట్టినాక వాళ్ళే మొత్తం కడతారంట. మేమంతా ఊరకే నిలబడి ఇంటిమి. తిప్పమ్మవ్వ ఒకతే 'ఏమంటాడు, ఏమంటాడు' అని అందర్నీ గిల్లుతాండె. రామాంజినమ్మ అడిగె. 'సామీ, కిందూరికి గది వచ్చిందా?' వచ్చిందనె. 'వాళ్ళకు ముందే రెండుండె కదా, ఇది మూడోదా?' మూడోదే అనె. ఆమె కొంచేపు మెడలో టేపును వేలికి చుట్టుకుంటా ఉండి, 'నేను రైకలు కుట్టేదాన్ని, నాకు తెలిసింది చెప్తా సామీ. పట్టు కోక కొంటే రైకగుడ్డ దాంట్లోనే వస్తాది. దానికి మ్యాచింగ్ ఎతికే పని ల్యా. అంగడంగడి తిరిగి మ్యాచింగ్ ఎతకాల్సింది ఎలిసిన కోకలకే' అనె. ఇంజినీరు తల గీరుకునె. మంచోడే పాపం. 'నువ్వు చెప్పింది బాగుంది తల్లీ, రూల్సు రాసింది నేను కాదు' అని ఈడికొచ్చి టీ తాగి పాయ. నాకిప్పుడు అనిపిస్తాది, ఆ పొద్దు సగం గలాసే పోసి మిగతా సగం నీదే సామీ అనింటే బాగుండు.

కిందూరోళ్ళకు తమాషా దొరికె. మా ఊరికి సగమూరని పేరు పెట్టిరి. ఆడ పెండ్లికి పోతే 'సగమూరోళ్ళు వచ్చినారు, సగం సగం వడ్డించండి' అంటాండ్రి. మా వాళ్ళు కొందరు ఆమె మింద గొణిగిరి, ఆ రాళ్ళతో దొడ్డిగోడలన్నా కట్టుకుంటుంటిమి అని. ఆ రోజుల్లో వసారాలో మిషను చప్పుడే ఇనపడల్యా. ఇంకో రెండేండ్లు గడిస్తే రేఖ పాటలు పాడుకుంటానే ఐదో తరగతి దాటిపోతాది, ఆమీట శెనక్కాయ చేన్లో కలుపుకే. తల్లికి ఆ బాధ, ఇంకేమీ కాదు. ఒక పొద్దున సూస్తే ముత్యాలప్ప ఆ సగం గది పక్కగోడలో రాళ్ళు తీస్తాండాడు. ఏమప్పా, పీకేస్తాండావా అంటే, 'వాకిలి పెట్టమనింది' అనె. మొగోడు ఏడవల్యా, నవ్వల్యా. ముందరంతా బయలు, పక్కన వాకిలి. వాళ్ళ పాత కొట్టానికుండిన యాపతలుపు తెచ్చి బిగిచ్చె. ఆమె హిందూపురం పోయి, ఈసారి సరైన బస్సే ఎక్కి, మెరిసే బీగం తెచ్చె. మధ్యాన్నం బువ్వకు ఇడిసినా, సాయంకాలం బడి ఇడిసినా బీగమేసి, బీగంచెవి కొంగుకు కట్టుకొని, తలుపు ఒకసారి లాగి సూసి పోతాండె. 'ఏమమ్మా, పక్కనుంచి మేకలు పోతాండాయి, ఈ బీగం ఎవురికి?' అని నేనే అడిగితిని. 'బీగమేసేది గదికి సుబ్బన్నా, కొట్టానికి ఎవురన్నా ఏస్తారా?' అనె.

అంతటితో ఇడిచిందా? గోడ ల్యాని తెరిపిపక్కనుంచి ఎవురూ పోగూడదనె. ఏ పిల్లోడన్నా అట్లనుంచి దూరితే వెనక్కి పిలిచి వాకిట్లోనుంచి రమ్మంటాండె. పిల్లోల్లకు అదొక ఆట అయిపాయ. వరసగా నిలబడి, తల వంచి, ఒక్కొక్కరే దూరుతాండ్రి. కొన్నాళ్ళకు పెద్దోళ్ళకూ అదే అలవాటాయ. సోమప్ప సారు పెద్దపిల్లోల్లను ఆడ కూచోబెట్టె. నేనూ ఊరకుండలేక పోయి కూచుంటాంటి అప్పుడప్పుడు. తెరిపి ఎదురుగా కొండ, మబ్బు పట్టినప్పుడు ఆ కొండ నీలంగా మారి గదిలోకి వచ్చేసినట్ల ఉండె. అంత పెద్ద గది ఏ ఊర్లో ఉంటాదప్పా, సూడబోతే. మేకలు మాత్రం ఆమె మాట ఇనల్యా.

అప్పుడొచ్చినాడు బడుల పెద్దసారు, టీచర్లు యాడ తక్కువో సూసేదానికి. లావు కండ్లద్దాలు, నవ్వని మొగం. మధ్యాన్నం, పిల్లోల్లు బువ్వకు ఇండ్లకు పోయిండ్రి. 'గదులెన్ని?' అనె. సోమప్ప సారు మా పక్క సూసె. అబద్ధమాడితే ఉద్యోగం, నిజం చెప్తే ఊరు. రామాంజినమ్మ మిషను మింద నుంచి లేసి వచ్చె. 'రెండు సామీ, రాండి సూపిస్తా' అని ముందర నడిచె. మేమంతా వెనకాల. ఆయప్ప సూసె. లోపల ఒక మేక పండుకొని నెమరేస్తాండాది, ఆయప్ప నిలబడిన కాన్నుంచి బాగా కనపడతాండాది. ఆమె దాన్ని సూడనట్లే కొంగు ఇప్పి, చెవి తీసి, బీగం తీసె. తలుపు బిగిసింటే భుజంతో ఒక తోపు తోసె. ఆయప్ప తెరిపిపక్క సూసె. వాకిలిపక్క సూసె. తిప్పమ్మవ్వ కూడా ఎవురినీ గిల్లల్యా. ఆమె ఒకటే మాటనె. 'వాకిలి తలకు తగులుతాది సామీ, కొంచెం వంగండి.'

ఆ పెద్దసారు చెప్పులిడిచె. కండ్లద్దాలు సరిచేసుకునె. తల వంచి, వాకిట్లోనుంచి లోపలికి పాయ.

లోపల నిలబడి రాతిగోడకు పూసిన నల్లబోర్డు సూసె, మేకను సూసె, కొండను సూసె. 'గాలి బాగా వస్తుంది' అనె. మేక లేసి పాయ. బయటికి కూడా ఆయప్ప వాకిట్లోనుంచే వచ్చె. చెప్పులేసుకొని, జీపెక్కబోతా వెనక్కి తిరిగి, 'బీగం వెయ్యమ్మా' అనె. అంతే. నవ్వల్యా ఇంకా. నవ్వింటే అంతా పోతాండె సార్.

ఆమీట కొన్నాళ్ళకు ప్రసూన టీచరు వచ్చె, బుక్కరాయసముద్రం ఆయమ్మ. గొడుగు పట్టుకొని బస్సు దిగి, 'నా గది ఏది?' అంటే, రామాంజినమ్మ చేతిలో చెవి పెట్టె. టీచరు పోయి సూసి, చెవిని సూసి, మళ్ళా గదిని సూసి, బండ మింద కూలబడి కండ్లలో నీళ్ళొచ్చేదాకా నవ్వె. నవ్వినాక పలకలు తెమ్మనె. అట్లని అంతా బాగైపాయ అనుకోవద్దు. వాన వస్తే పక్కనుండే పాతగదిలోకి అందరూ ఇరుక్కుంటాండ్రి. మన కాడ వాన తక్కువ గనక సరిపాయ, కరువు ఆ మేలొకటి చేసె. కిందూర్లో మూడో గదికి పిల్లోల్లు చాలక కుర్చీలు పెట్టుకున్న్యారంట. పెట్టుకోనీ.

రేఖ ఐదో తరగతికి వచ్చినప్పుడు అనుకుంటా, నేనూ వాళ్ళూ కలిసి గోరంట్లలో బస్సుకు నిలబడింటిమి. ఒక బస్సొచ్చె. రామాంజినమ్మకు ఆ బస్సు తెల్దా? డ్రైవరు మీసం సూసి చెప్తాది యాడికి పోయేదో. అయినా 'రేఖా, ఏం రాసిండారు' అనె. పాప కూడబలుక్కొని, 'క, ది, రి' అనె. మనం పోయేది యాడికని సూడల్యా, బోర్డు సూసి చెప్పె. 'ఆ ఇంకోటి?' 'పుట్టపర్తి.' 'ఆ వెనక ఉండేది?' బస్టాండులో ఉండే బస్సులన్నీ సదివిచ్చె. బస్సులైపోతే టీ అంగడి బోర్డు, సైకిల్ అంగడి బోర్డు, గోడ మింద ఓట్ల రాతలు. మా బస్సు వచ్చింది, పోయింది, మేమెవ్వరం సూసుకోల్యా. చీకటి పడేటప్పుడు లారీలో వస్తిమి ఊరికి. దారంతా ఆమె కూతురి జడ పట్టుకొనే కూచునింది.

చానా ఏండ్లు ఉండల్యా ఆమె. కడుపులో గడ్డ అన్న్యారు, అనంతపురం పెద్దాసుపత్రికి పోయినామె రాల్యా. ఆమె పోయినాకే ఆ ఎర్రిటుక సగం వచ్చె. ఈసారి వాటా అడగల్యా ఎవురినీ, ఏ పుణ్యాత్ముడు రాసినాడో ఆ రూలు. కట్టేదానికి వచ్చినోళ్ళు రాతిసగం పీకి మొత్తం కొత్తగా కడతామంటే, ముత్యాలప్ప పోయి గోడకు ఆనుకొని నిలబడె. వాళ్ళే తిరిగి ఆ పండ్ల సందుల్లో ఇటుక కరిపిచ్చిరి. ఇనుప తలుపుతో పెద్ద వాకిలి పెట్టిరి ముందర. పిల్లోల్లు దాంట్లోనుంచి పోరు, నువ్వు రేపు సూడు, పక్కనుండే యాపతలుపులోనుంచే వంగి వంగి పోతారు. ఆమె ఎవురో కూడా తెల్దు వీళ్ళకు. చివరాఖర్లో సున్నమేసేవాళ్ళు వచ్చి, రెండు సగాలకూ కలిసేటట్ల ఏ రంగు ఎయ్యమంటారనిరి. ఊరంతా ఒకరి మొగం ఒకరు సూసుకుంటిమి. ఎర్రటిదానికీ నల్లటిదానికీ కలిసే రంగు ఏదో, అది చెప్పే మనిషి...

అట్లే ఇడిచిపెట్టమంటిమి. టీ సల్లగైపాయ, తాగప్పా. బీగంచెవి నీకిచ్చినారు కదా? అది ఊరకే తిరగదు, కొంచెం పైకెత్తి తిప్పాల. అదిగో, మలుపుకాడ బస్సు వస్తాండాది. నా కండ్లకు ఆనదు. ఏం రాసిండారో సదువు సార్.